పద్యంలోంచి పుట్టిన ప్రేయసులు

కాశ్మీర కవి బిల్హణుడు చెప్పాడని పేరుబడ్డ యాభై సంస్కృత ప్రేమ శ్లోకాలు 'చౌరపంచాశిక'. దాని మొదటి శ్లోకంలో ఒక ప్రియుడు దూరమైన ప్రియురాలిని తలచుకుంటాడు. ఆమె బంగారు సంపెంగల దండలా పచ్చగా ఉంది, అప్పుడే నిద్ర లేచింది. ఏమరుపాటున చేజారిన విద్యను తలచుకున్నట్టు ఆమెను ఇప్పటికీ తలచుకుంటున్నానని అతడంటాడు. ఆ 'ఇప్పటికీ' అనే మాట, అంటే 'అద్యాపి', యాభై శ్లోకాలకూ మొదట వస్తుంది. ఈ ఒక్క శ్లోకంలో రెండు మాటలను గుర్తుపెట్టుకోవాలి: 'కనకచంపకదామ' అనే వర్ణన, 'విద్యాం ప్రమాదగలితామివ' అనే ఉపమానం. ఈ శ్లోకాలకు ఉత్తర భారతంలో 16వ శతాబ్దంలో గీసిన ప్రసిద్ధమైన బొమ్మల వరుసలో నాయిక పేరు చంపావతి. వంగదేశంలో భరతచంద్రుడు 1752లో రచించిన కావ్యంలో నాయిక పేరు విద్య, నాయకుడి పేరు సుందరుడు. దక్షిణాదికి వచ్చేసరికి ఆమె యామినీపూర్ణతిలక అనే రాకుమారి అయింది. ఒకే శ్లోకంలోని పువ్వు ఒకచోట, ఉపమానం మరోచోట ఆడపిల్ల పేరుగా మారిందనుకోవడానికి ఇంతకంటే ఆధారం అక్కరలేదు.

ఈ శ్లోకాల చుట్టూ అల్లిన కథ తెలుగువారికి కొత్త కాదు. చిత్రకవి సింగరాచార్యుడి 'బిల్హణీయం' దాన్నే చెబుతుంది. కూతురికి చదువు చెప్పడానికి రాజు బిల్హణ కవిని నియమిస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా మధ్య తెర కట్టిస్తాడు. గురువు గుడ్డివాడని కూతురికి, శిష్యురాలికి కుష్ఠు ఉందని గురువుకు చెబుతాడు. ఒక పున్నమి రాత్రి తెర అవతలినుంచి గురువు చంద్రోదయాన్ని వర్ణిస్తే, చూపులేనివాడికి చంద్రుడి సంగతి ఎలా తెలిసిందని ఆమె తెర తొలగిస్తుంది. ఆ తరవాత ప్రేమ, పట్టుబడటం, మరణశిక్ష, వధ్యస్థలానికి నడుస్తూ కవి చదివిన యాభై శ్లోకాలు, రాజు మనసు కరగడం. తమిళంలో భారతీదాసన్ ఇదే కథను తీసుకుని, శిక్షకు నిలబడ్డ కవి చేత ప్రజలతో మాట్లాడించి, రాచరికాన్నే కూలదోయించాడు. ఏ కాలానికి ఏది కావాలో కథ దాన్ని ఇచ్చింది.

చిత్రమేమిటంటే బిల్హణుడు తన జీవితాన్ని తానే రాసిపెట్టాడు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడి (1076–1126) మీద అతను రాసిన 'విక్రమాంకదేవచరిత' చివరి సర్గ, అంటే పద్దెనిమిదవది, చాలావరకు స్వీయచరిత్రే. కాశ్మీరంలో ప్రవరపురం దగ్గర ఖోనముఖంలో పుట్టడం, మథుర, కన్యాకుబ్జం, ప్రయాగ, కాశి మీదుగా దేశం తిరగడం, గుజరాత్‌లో జనం గోచీ బిగించి కట్టరని చిరాకుపడటం, చివరికి కల్యాణిలో విద్యాపతి పదవి, నీలి గొడుగు, ఏనుగులు సంపాదించడం అన్నీ అందులో ఉన్నాయి. ఆ కల్యాణి ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్. ఆ చక్రవర్తి పేరుతో నడిచిన చాళుక్య విక్రమశకంలో తేదీలు వేసిన శాసనాలు తెలంగాణలో చాలాచోట్ల కనిపిస్తాయి. ఇంత వివరంగా చెప్పుకున్న మనిషి తెరను గురించి, రాకుమారిని గురించి, వధ్యస్థలాన్ని గురించి ఒక్క మాటైనా చెప్పలేదు. కవిత్వ విలాసమూ కుంకుమపువ్వూ తోబుట్టువులు, రెండూ కాశ్మీరంలో తప్ప మొలకెత్తవని గొప్పలు పోయిన ఆ వాగుడుకాయ, నిజంగా ఉరికంబం దాకా వెళ్లివస్తే దాన్ని దాచుకుని ఉండేవాడా! ఆ యాభై శ్లోకాలు అతనివేనా అన్నది కూడా తేలని సంగతి. 'విక్రమాంకదేవచరిత' తాళపత్ర ప్రతి జైసల్మేర్ జైన భాండాగారంలో జర్మన్ పండితుడు బ్యూలర్ కంటబడి 1875లో అచ్చయింది. అప్పటికి బిల్హణుడి ప్రేమకథ దేశమంతా తిరిగి స్థిరపడిపోయింది. ఆ తరవాత కూడా కథే నిలిచింది.

నిజమైన కవుల జీవితాల మీద అల్లే చారిత్రక ప్రేమకథలన్నిటికీ ఈ ఉదంతం నమూనాలాంటిది. కవి గురించి దొరికే ఆధారాలు తక్కువ కాబట్టి కల్పన అవసరమైందని సాధారణంగా చెబుతారు. బిల్హణుడి విషయంలో ఆ వాదన చెల్లదు. ఆధారం పుష్కలంగా ఉన్నా కల్పన దాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే అది జీవితంలోంచి పుట్టలేదు, పద్యంలోంచి పుట్టింది. పద్యంలో 'నేను' అన్నవాడు కవేనని పాఠకుడు నమ్ముతాడు, నమ్మినవాడు ఆ 'నేను' ఎదుట ఉన్న 'ఆమె' ఎవరని అడుగుతాడు, అడిగినవాడికి ఎవరో ఒకరు పేరు చెబుతారు. నవల, నాటకం, సినిమా వచ్చేది ఆ తరవాతే.

తెలుగులో ఇది ఇంకొంచెం ముందుకు పోయింది. ఇక్కడ పద్యం మొత్తం కూడా అక్కరలేకపోయింది, మకుటం చాలింది. 'విశ్వదాభిరామ వినుర వేమ' అన్నదానిలో 'విశ్వద' అంటే అన్నీ ఇచ్చేది, 'అభిరామ' అంటే మనోహరమైనది. ఈ రెండు మాటలను విడదీసి, విశ్వద అనే వేశ్యను, అభిరాముడనే కంసాలి మిత్రుణ్ణి తయారు చేసుకున్నారు. ఒక్కో చెప్పుడులో వీళ్ల వరసలు మారతాయి గానీ మనుషులు మాత్రం పోరు. విశ్వద వేమన వదినగారి నగ అడగడం, వదిన షరతు పెట్టి ఇవ్వడం, ఆ రాత్రి వేమనకు విరక్తి కలగడం అంతా ఆ సమాసం విప్పిన తరవాత వచ్చిన సరంజామా. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చువేయించే నాటికే ఇలాంటి కథలు జనం నోట నలుగుతున్నాయి. పద్యాల్లో ఆడవాళ్ల మీద మోహమూ ఉంది, ఏవగింపూ ఉంది. ఈ రెంటికీ పొంతన కుదరాలంటే ముందు భోగి, తరవాత యోగి అన్న కాలక్రమం కావాలి. కథ ఆ క్రమాన్ని సమకూర్చింది. ఒక మనిషి ఒకే వారంలో రెండు రకాల పద్యాలూ చెప్పగలడన్న ఆలోచన కథకు నచ్చదు.

1947లో కె.వి. రెడ్డి తీసిన వేమన సినిమాలో ఆ వేశ్య పేరు మోహనాంగి. మువ్వ గోపాలుడి మీద పదాలు పాడిన క్షేత్రయ్యను ప్రేమించిందని చెప్పే దేవదాసి పేరూ మోహనాంగే. శ్రీకృష్ణదేవరాయల కూతురిగా, 'మరీచీపరిణయం' రాసిన కవయిత్రిగా ఐతిహ్యం చెప్పే రాకుమారి పేరు కూడా అదే. మూడు కాలాల్లో, మూడు ఊళ్లలో ఒకే పేరు గల ముగ్గురు ఆడవాళ్లు ఉండకూడదని నియమమేమీ లేదు. అయితే 'మోహం గొలిపే అవయవాలు గలది' అన్నది ఊరి కరణం చిట్టాలోకెక్కే పేరు కంటే ప్రబంధ నాయికకు వాడే విశేషణానికే దగ్గరగా ఉంటుంది. పాత శాసనాల్లో గుడి సానులకు దానాలు రాసినచోట మాచమ, సూరమ లాంటి మామూలు పేర్లు కనిపిస్తాయి. కవి ప్రేయసి పేరు మరీ అందంగా ఉంటే, ఆమె పుట్టిల్లు నిఘంటువేమోనని అనుమానించవచ్చు.

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ నష్టపోయిన కవి శ్రీనాథుడు. తెలుగు పాఠకుడి ఊహలో ఆయన రూపం స్థిరంగా ఉంది: అత్తరు, కస్తూరి, తాంబూలం, ఊరికో రమణి. ఈ రూపానికి మూలం ఆయన కావ్యాలకంటే ఎక్కువగా చాటువులు. చాటువు తెలుగులో ఒక విచిత్రమైన వస్తువు. అది ఒక పద్యం, దానికి ముందొక సందర్భం. సందర్భం చెప్పకపోతే పద్యం సగమే అర్థమవుతుంది, సందర్భం చెబితే కవి ఒక పాత్ర అయిపోతాడు. నవలా ప్రక్రియ రావడానికి కొన్ని శతాబ్దాల ముందే, అరుగుల మీద కూర్చుని తెలుగువాళ్లు చెప్పుకున్న చారిత్రక కల్పన చాటువే. దాన్ని చరిత్రగా తీసుకున్న ఆధునిక రచయిత, తనకు ముందున్న ఒక కథకుడి కల్పన మీద మరో అంతస్తు కడుతున్నాడు.

ఆ చాటువులనైనా నిదానంగా చదివితే రసికుడి బొమ్మ కొంచెం చెదురుతుంది. 'సిరిగలవానికి జెల్లును తరుణుల పదియారువేల దగ పెండ్లాడన్' అన్న పద్యం పదహారువేల మంది తరుణులతో మొదలవుతుంది కాబట్టి శృంగార ప్రసంగంలా వినిపిస్తుంది. 'తిరిపెమునకిద్దరాండ్రా, పరమేశా గంగ విడుము పార్వతి చాలున్' అన్న ముగింపు దగ్గర నవ్వుకుని వదిలేస్తారు. సందర్భం మాత్రం పల్నాడులో తాగడానికి నీళ్లు దొరకకపోవడం. 'రసికుడు పోవడు పల్నాడు' అన్న పద్యంలోనూ రంభ ఏకులు వడుకుతుంది, రాజు నాగలి పడతాడు, మన్మథుడు జొన్నకూడు తింటాడు. ఇవి వరన్నానికి, చన్నీళ్లకు అలవాటుపడ్డ కొలువు మనిషి మెట్ట సీమలో పడ్డ అవస్థలు. వీటిలో ఆడవాళ్లకంటే ఆకలిదప్పులే ఎక్కువ. సినిమాకు రంభ కనబడుతుంది, జొన్నకూడు కనబడదు.

ఆయన తన వయసులను తానే లెక్క చెప్పిన పద్యం ఒకటి 'కాశీఖండం'లో ఉంది. అది చాటువు కాదు, ఎవరో తరవాత అంటగట్టినదీ కాదు. 'చిన్నారి పొన్నారి చిరుతకూకటినాడు' మరుత్తరాట్చరిత్ర రచించాడు. 'నూనూగు మీసాల నూత్నయౌవనమున' శాలివాహన సప్తశతి చెప్పాడు. నిండు జవ్వనంలో హర్షుడి నైషధాన్ని తెలుగు చేశాడు. ప్రౌఢ వయసులో భీమేశ్వరుడి మహిమ కొనియాడాడు. వయసు ఇంకా మీరిపోక ముందే కాశీఖండమనే మహాగ్రంథానికి పూనుకుంటున్నాడు. పిల్లకూకటి దగ్గరనుంచి ప్రౌఢిమ దాకా ప్రతి ఈడుకూ ఒక పుస్తకం ఉంది. ప్రేమకథలు ఆయన జీవితాన్ని ఆడవాళ్ల పేర్లతో కొలుస్తాయి, ఆయన పుస్తకాల పేర్లతో కొలుచుకున్నాడు.

ఆ పద్యంలో రెండో మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. శాలివాహన సప్తశతి అంటే హాలుడు కూర్చిన ప్రాకృత గాథలు. అందులో మాట్లాడేది ఎక్కువగా పల్లెటూరి ఆడవాళ్లు: పొలం గట్టున ఎదురుచూసేవాళ్లు, గోదావరి ఒడ్డున సంకేతస్థలం చెప్పేవాళ్లు, అత్తగారి కన్నుగప్పేవాళ్లు. మీసం ఇంకా సరిగ్గా రాని కుర్రవాడు వెయ్యేళ్ల నాటి ఆ ఆడవాళ్ల గొంతులను తన తెలుగులోకి తెచ్చుకుంటూ కూర్చున్నాడు. ఆ గ్రంథం ఇప్పుడు లేదు, ఏవో ఒకటి రెండు పద్యాలు మాత్రం మిగిలాయి. కల్పనకు ఇంతకంటే మంచి చోటు ఏ కవి జీవితంలో దొరుకుతుంది? ప్రేమ అంటే ఏమిటో ఇంకా తెలియని వయసులో దాన్ని అనువదించడం, అందులోని మోసాలను, ఎత్తిపొడుపులను, నిట్టూర్పులను ముందుగా ఛందస్సులో నేర్చుకోవడం ఒక నవలకు సరిపడే వస్తువు. దాన్ని దాటుకుని పోయి, ఊరూరా నాయికలను వెతకడం ఎందుకో అర్థం కాదు.

'క్రీడాభిరామం' సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు ఒక రోజంతా తిరిగిన తిరుగుడు అందులో ఉంది. ప్రతాపరుద్రుడి ఉంపుడుగత్తె మాచల్దేవి ఇల్లూ వస్తుంది. గ్రంథంలో కర్తగా వినుకొండ వల్లభరాయుడి పేరే ఉన్నా, శైలిని బట్టి అది శ్రీనాథుడిదేనని వాదించిన పండితులున్నారు. ఆ వాదంలో సాహిత్యపరమైన బలం కొంత లేకపోలేదు. అయితే జనానికి అది రుచించడానికి కారణం వేరు. వేశ్యవాటిక కనబడగానే శ్రీనాథుడు గుర్తుకురావడం అప్పటికే అలవాటైపోయింది. కల్పిత స్వభావం కర్తృత్వ నిర్ణయానికి సాక్ష్యం చెప్పడానికి వచ్చింది, ఆ కర్తృత్వం మళ్లీ స్వభావానికి సాక్ష్యం చెప్పింది.

పోతన విషయంలో ఇదే యంత్రం వెనక్కి తిరిగింది. భాగవతం రాసిన మనిషి కాబట్టి ఆయన రైతు, విరాగి, రాజుల గడప తొక్కనివాడు. ఆయన కథలో ఆడమనిషి కంటనీరు పెట్టినా, ఆమె 'కాటుక కంటినీరు చనుకట్టుపయింబడ' ఏడ్చిన సరస్వతి తప్ప మరొకరు కాదు. కానీ పోతన పేరుతోనే 'భోగినీ దండకం' ఉంది. రావు సింగభూపాలుణ్ణి చూసి మోహించిన ఒక వేశ్య కన్య విరహం, తల్లి చెప్పే లోకజ్ఞానం, చివరికి సమాగమం దానిలోని విషయం. రాజాస్థానం, వేశ్యమాత, మోహం అన్నీ ఉన్న ఈ రచనను పోతన కల్పనలు దాదాపుగా ముట్టుకోవు, దాన్ని ఆయన రాయలేదనుకోవడానికే భక్తులు ఇష్టపడతారు. శ్రీనాథుడిది కాని పుస్తకం ఆయనకు అంటుకుంది, పోతన పేరు మోసుకొచ్చిన పుస్తకం ఆయన నుంచి జారిపోయింది. రెంటికీ కారణం ఒక్కటే: కవి బతుకు అతని ప్రధాన గ్రంథంలాగే ఉండాలన్న పట్టుదల.

వీళ్లిద్దరినీ బావాబావమరుదులను చేసిన కల్పన మాత్రం, చారిత్రకంగా ఏ ఆధారమూ లేకపోయినా, కథనపరంగా గట్టిది. పల్లకీలో వచ్చిన శ్రీనాథుడు, నాగలి పట్టిన పోతన మడి గట్టున ఎదురుపడతారు. ఇద్దరి మధ్య వాదం జరగాలి, వైరం ఉండకూడదు. ఎద్దేవా ఉండాలి, అవమానం ఉండకూడదు. తెలుగు ఇంట్లో ఇన్ని హక్కులూ ఒకేసారి ఉన్న వరస బావామరుదులదే. అన్నదమ్ములైతే ఆ మాటలు గొడవకు దారితీసేవి, పరాయివాళ్లయితే మర్యాద అడ్డొచ్చేది. 1940ల మొదట్లో నాగయ్య పోతనగా నటించిన సినిమా తరవాత ఆ వరస తెలుగువారి మనసుల్లో రిజిస్టరైపోయింది. ఇక్కడ కల్పించినవాడు నిఘంటువు తీయలేదు, లోకం తెలిసి కల్పించాడు.

క్షేత్రయ్య దగ్గర ఇబ్బంది మరో రకమైనది. ఆయన పదాల్లో మాట్లాడేది చాలావరకు స్త్రీ. మువ్వ గోపాలుణ్ణి ఆమె నిలదీస్తుంది, బేరమాడుతుంది, గడప దగ్గర ఆపేస్తుంది, మళ్లీ రానిస్తుంది. ఈ గొంతునుంచి మగకవి ప్రేమకథ తీయాలంటే మొత్తాన్ని తిరగెయ్యాలి. అందుకే మోహనాంగి రావలసి వచ్చింది. ఆమె ఆయనకు ప్రేమనూ, ఆ తరవాత భక్తినీ నేర్పి తప్పుకుంటుంది, ఆమె గొంతు ఆయన పేరు మీద చలామణీ అవుతుంది. ఈలోగా ఆయన స్వయంగా చెప్పుకున్న సంగతి పక్కకు పోయింది. 'వేడుకతో నడుచుకొన్న విటరాయడే' అన్న పదంలో మధుర తిరుమల నాయకుడి ఎదుట రెండు వేల పదాలు, తంజావూరు విజయరాఘవ నాయకుడి దగ్గర వెయ్యి, గోల్కొండ పాదుషా కోసం నలభై రోజుల్లో పదిహేను వందలు అని లెక్క ఉంది. మొత్తం 4,500. ఇప్పటికి దక్కినవి మూడు నాలుగు వందలు. నలభై రోజుల్లో పదిహేను వందలంటే రోజుకు 37 పైచిలుకు. ఇది నిజమైనా, గొప్పలకు పెంచినదైనా, ఆ నలభై రోజులు ఎలా గడిచాయో ఊహించి రాయవలసిన ఘట్టం. గొంతు పోవడం, తాళం వేసేవాడు కునుకు తీయడం, ముప్పయ్యో పదంలో పల్లవి నిన్నటిదేనని ఎవరో గుర్తుపట్టడం. ప్రేమకథ ఈ శ్రమను అసలు లెక్కలోకి తీసుకోదు, ఎందుకంటే దాని దృష్టిలో ప్రేమ ఉంటే పదం దానంతటదే వస్తుంది.

కవయిత్రుల దగ్గరికి వచ్చేసరికి కల్పన తీరే మారిపోతుంది. మొల్ల తన రామాయణంలో తాను ఆతుకూరి కేసన కూతురినని, తండ్రి శివభక్తుడని, గోపవరపు శ్రీకంఠమల్లేశుడి దయవల్ల కవిత్వం అబ్బిందని చెప్పుకుంది. పెళ్లి మాట ఎత్తలేదు. జనం ఆమెకు ప్రేమకథ కల్పించలేదు, ఒక రక్షణ కథ కల్పించారు. తెనాలి రామకృష్ణుడు సంతలో ఆమెను ద్వంద్వార్థంతో బేరమాడితే, 'నీకు నేను అమ్మను' అన్న రెండర్థాల జవాబుతో ఆమె నోరు మూయించిందని చెబుతారు. అమ్మేదాన్ని కాదని ఒక అర్థం, తల్లినని రెండో అర్థం. ఇద్దరి కాలాలూ కలుస్తాయా లేదా అన్న సందేహాన్ని పక్కన పెట్టినా, గమనించవలసింది ఆ జవాబు స్వరూపం. మగకవి ఇంటికి కథ ప్రేయసిని పంపుతుంది, ఆడకవి వాకిట్లో 'అమ్మ' అనే కంచె కడుతుంది. రామాయణం రాసినామె కాబట్టి ఆ కంచె. ఇంకో కావ్యం రాసి ఉంటే ఏం జరిగేదో ముద్దుపళని చరిత్ర చూపిస్తుంది.

తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి (1739–63) ఆస్థానంలో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' రాసింది. తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ తరవాత ఆ పెళ్లిని భరించలేకపోయిన రాధ కథ అది. ఆమె గణిక, ఆ సంగతి దాచుకోలేదు. వంశం చెప్పుకున్నప్పుడు నాయనమ్మ తంజనాయకిని గౌరవంగా తలచుకుంది. ఇక్కడ లోకం చేసింది ప్రేమకథ అల్లడం కాదు, తీర్పు చెప్పడం. వీరేశలింగం ఆమెను వేశ్య అన్నాడు, స్త్రీ నోట రాకూడని మాటలు రాసిందన్నాడు. బెంగళూరు నాగరత్నమ్మ తానూ దేవదాసి కులంలో పుట్టిన మనిషి కాబట్టి పట్టుబట్టి, పాత అచ్చులో తీసేసిన పద్యాలతో సహా 1910లో వావిళ్లవారి చేత ప్రచురింపజేసింది. మరుసటి ఏడు ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా, అంటే ఇప్పటి మాటలో ముఖ్యమంత్రిగా, ఉన్నప్పుడు 1947లో నిషేధం తొలగింది. ఇందులో ఒక ఎత్తిపొడుపు దాగి ఉంది. శ్రీనాథుడు వేశ్యల ఇళ్లకు వెళ్లాడన్న కల్పన ఆయన కవిత్వానికి శోభ అయింది. ముద్దుపళని వేశ్య ఇంట్లో పుట్టిందన్న నిజం ఆమె కవిత్వానికి శిక్ష అయింది. జీవితాన్నీ గ్రంథాన్నీ ఒకటిగా చూసే అలవాటు ఇద్దరికీ సమానంగానే అన్వయించింది, ఫలితమే వేరు.

ఇంత చెప్పినా కవుల ప్రేమకథలు రాయకూడదని కాదు. చరిత్రకారుడు ఆగిపోయేచోట నవలాకారుడు నడవవచ్చు, నడవాలి కూడా. అసలు చిక్కు అతడు ఆ చోటికి పోకపోవడమే. కవి చెప్పిన మాట మీదుగా నడిచి దాన్ని తొక్కేస్తున్నాడు, కవి ఊరుకున్నచోట తానూ ఊరుకుంటున్నాడు. శ్రీనాథుడి 'హరవిలాసం' అవచి తిప్పయశెట్టికి అంకితం. ఆ శెట్టి ఇంటివాళ్లు ఏయే ఊళ్లనుంచి ఏయే సరుకులు దింపుకున్నారో అవతారికలో ఒక సీసపద్యమంతా పరిచాడు: పంజారం కర్పూరం, సింహళం ఏనుగులు, హురుమంజి గుర్రాలు, భోట దేశపు కస్తూరి, చీనా పట్టు. రసికుడి బొమ్మలో పూసే ఆ కస్తూరి ఏ దారిన వచ్చిందో, దానికి ఎవరు సొమ్ము పెట్టారో కవే చెప్పాడు. సముద్ర వర్తకుడైన మిత్రుడు, అతని కోసం శివుడి విలాసాలు పద్యాల్లో కట్టే కవి, వాళ్ల మధ్య అభిమానం, అవసరం, లెక్కలు. ఈ స్నేహం మీద నవల రాయదలచినవాడికి కల్పించుకోవలసినదంతా మిగిలే ఉంది, కాదనవలసినది ఏదీ లేదు.

శ్రీనాథుణ్ణి ఆదరించిన కొండవీడు పోయింది, రాజమహేంద్రవరం కొలువూ పోయింది. అవసాన దశలో చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటువుల్లో ఆయన బొడ్డుపల్లెలో పొలం గుత్తకు పట్టిన రైతు. పంటను కృష్ణవేణమ్మ, అంటే కృష్ణానది, కొంత తీసుకుపోయింది, మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తిన్నాయి. శిస్తు ఏడు వందల టంకాలు బాకీ. 'కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా పురవీథి నెదురెండ బొగడదండ' అన్న పద్యంలో శిక్ష కూడా కౌగిలింతగానే వస్తుంది. బొగడదండ అనే శిక్షా సాధనం మెడను కౌగిలిస్తుంది, నల్లగుండు భుజమెక్కుతుంది, వెదురుగొడియ ముంజేతితో వియ్యమందుతుంది. శృంగార కవి పదజాలమంతా ఎండలో నిలబెట్టిన ముసలి బాకీదారు మీదికి దిగింది. ఇది శ్రీనాథుడే రాసినా, ఆయన్ను బాగా చదివిన మరో మనిషి రాసినా, మోహనాంగులను పుట్టించినవాడికంటే ఈ కల్పకుడు కవికి దగ్గరగా నిలబడ్డాడు. పోయిన ప్రభువులను ఒక్కొక్కరినే లెక్కపెట్టిన మరో సీసంలో రత్నాంబరాలు ఎవరిస్తారు, కస్తూరి ఎవరిస్తారు, బంగారు పళ్లెంలో అన్నం ఎవరి పంక్తిలో దొరుకుతుంది అని వరసగా అడుగుతూ, ఆ వరసలోనే, గొంతు మార్చకుండా, 'దినవెచ్చ మే రాజు తీర్చగలడు', రోజు ఖర్చు ఏ రాజు తీరుస్తాడు, అని కూడా అడుగుతాడు.